గాలి శుభ్రంగానే ఉంది, ఆయాసం ఎందుకు తగ్గలేదు? ఎయిర్ ప్యూరిఫయర్, పరుపు తొడుగులు, పీక్ ఫ్లో మీటర్‌తో ఏడాది

తెల్లవారుజామున మూడున్నరకు మంచం మీద లేచి కూర్చుని, రెండు చేతులూ మోకాళ్ల మీద ఆనించి, పీల్చిన ఊపిరిని వదలడానికి అవస్థ పడుతున్న సమయంలో నా కళ్లెదుట ఒక చిన్న ఆకుపచ్చ దీపం ప్రశాంతంగా వెలుగుతూ ఉంది. అంతకు ఆరు వారాల ముందు కొన్న ఎయిర్ ప్యూరిఫయర్ దీపం అది. గదిలో గాలి చాలా శుభ్రంగా ఉందని ఆ రంగుకు అర్థం. యంత్రం అబద్ధం చెప్పడం లేదు, నా ఆయాసమూ అబద్ధం కాదు; ఈ రెండూ ఒకే గదిలో, ఒకే నిమిషంలో ఎలా నిజమయ్యాయో అర్థం కావడానికి నాకు మరికొన్ని నెలలు పట్టింది. ఆ నెలల అనుభవమే ఈ సమీక్ష.

నేను ఇక్కడ అంచనా వేస్తున్నవి ఎయిర్ ప్యూరిఫయర్, పరుపుకూ దిండ్లకూ వేసే అలర్జీ నిరోధక తొడుగులు, ఊపిరి వేగాన్ని ఊది చూసుకునే పీక్ ఫ్లో మీటర్. వీటి మధ్యలో ఒక అలర్జీ క్లినిక్‌లో చేయించుకున్న చర్మ పరీక్ష. తయారీదారుల పేర్లు రాయడం లేదు, ఎందుకంటే నా ఫిర్యాదులో ఎక్కువ భాగం ఒక కంపెనీ మీద కాదు, ఈ రకం వస్తువులన్నిటినీ అమ్మే తీరు మీద. నేను వైద్యుణ్ణి కాను. చిన్నప్పటి నుంచి పొద్దున్నే పది పదిహేను తుమ్ములతో నిద్ర లేచేవాణ్ణి. ముప్పై దాటాక ఆ బాధ ముక్కు దగ్గర ఆగకుండా ఛాతీలోకి దిగి, రాత్రిపూట దగ్గుగా, పిల్లికూతలుగా మారింది. తుమ్ములకూ ఉబ్బసానికీ సంబంధం ఉందని అప్పట్లో నాకు తట్టలేదు. ముక్కు ఒక జబ్బు, ఊపిరితిత్తులు మరొక జబ్బు అనుకుని రెండింటికీ వేర్వేరుగా మందులు మింగుతూ వచ్చాను.

ముందు యంత్రం సంగతి. పెట్టె మీద పెద్ద అక్షరాలతో రెండు మాటలున్నాయి: అలర్జీ నుంచి రక్షణ, 99.97 శాతం శుద్ధి. ఈ అంకె కల్పితం కాదు. ఈ యంత్రాల్లో గాలిని వడకట్టే సన్నని జల్లెడను హెపా ఫిల్టర్ అంటారు. అసలైన హెపా ఫిల్టర్ తన గుండా వెళ్లిన గాలిలోని 0.3 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) రేణువుల్లో 99.97 శాతాన్ని పట్టుకోవాలి; అంతకంటే పెద్దవీ, చిత్రంగా అంతకంటే చిన్నవీ కూడా ఇంకా సులువుగా చిక్కుతాయి, ఎందుకంటే పట్టుకోవడానికి అన్నిటికంటే కష్టమైన పరిమాణం దాదాపు అదే. కాబట్టి ఫిల్టర్ మీద నాకు ఫిర్యాదు లేదు. అయితే అది ఫిల్టర్‌లోకి వచ్చిన గాలికి సంబంధించిన అంకె, గదికి సంబంధించినది కాదు. గది సంగతి తెలియాలంటే చూడవలసినది సీఏడీఆర్ అనే మరో అంకె. యంత్రం గంటకు ఎన్ని ఘనపు మీటర్ల శుద్ధమైన గాలిని వదులుతుందో అది చెబుతుంది. నా పడకగది 12 చదరపు మీటర్లు, ఎత్తు రెండున్నర మీటర్లు, అంటే 30 ఘనపు మీటర్ల గాలి. గంటకు ఐదుసార్లు ఆ గాలి అంతా వడకట్టాలనుకుంటే 150 కావాలి. పెట్టె మీద 240 అని ఉంది కనుక సంతోషించాను. ఆ 240 గరిష్ఠ వేగంలో వచ్చే అంకె అనీ, ఆ వేగంలో యంత్రం చేసే హోరుకు పక్కన ఎవరూ నిద్రపోలేరనీ, నిద్ర సమయానికి పెట్టుకునే నెమ్మది వేగంలో అది 60కి పడిపోతుందనీ సూచనల పుస్తకం చివరి పుటలోని పట్టిక చూస్తే గానీ తెలియలేదు. అంటే నేను నిద్రపోయే ఎనిమిది గంటలూ గది గాలి గంటకు రెండుసార్లు మాత్రమే యంత్రం గుండా వెళ్తోంది. కొనేవారు పెట్టె ముందువైపు అంకెను కాక ఈ పట్టికను అడిగి చూడాలి. చూపించలేని యంత్రాన్ని కొనకపోవడమే మంచిది.

ఇక్కడ నా తెలివితక్కువతనం ఒకటి ఒప్పుకోవాలి. మొదటి తొమ్మిది రోజులు యంత్రం పనిచేస్తున్నట్లే కనిపించింది గానీ, వచ్చే గాలి ఎందుకో పలచగా అనిపించింది. వెనుక మూత తీసి చూస్తే ఫిల్టర్ తాను వచ్చిన ప్లాస్టిక్ సంచిలోనే భద్రంగా ఉంది. రవాణాలో తేమ తగలకుండా దాన్ని సంచిలో పెట్టి, ఆ సంచితో సహా యంత్రంలో అమర్చి పంపుతారు. తీసి వాడుకోవాలన్న హెచ్చరిక ఒక చిన్న చీటీ మీద ఉంది, ఆ చీటీ నేను పారేసిన అట్టల్లో ఉండిపోయింది. ఆ తొమ్మిది రోజులూ ఆకుపచ్చ దీపం వెలుగుతూనే ఉందన్నది గమనించదగిన విషయం. తర్వాత కంపెనీ సహాయ కేంద్రానికి ఫోన్ చేసి ఫిల్టర్‌ను శుభ్రం చేయడం ఎలా అని అడిగితే, హెపాకు ముందుండే ముతక జల్లెడను, హెపా ఫిల్టర్‌ను రెండింటినీ నీళ్లతో కడగవచ్చని అవతలి వ్యక్తి మర్యాదగానే చెప్పారు. అదే కంపెనీ సూచనల పుస్తకంలో హెపా ఫిల్టర్‌కు నీరు తగలనివ్వరాదని రాసి ఉంది. పుస్తకాన్నే నమ్మాను. యంత్రం మీద అయాన్ అని రాసిన మీట కూడా ఒకటి ఉంది. దాన్ని మొదటి రోజే ఆపేశాను. అలాంటి ఏర్పాట్లలో కొన్ని ఓజోన్‌ను పుట్టిస్తాయి, ఓజోన్ శ్వాసనాళాలను రేపే వాయువు. ఉబ్బసం ఉన్నవారి కోసమని అమ్మే యంత్రంలో ఆ మీట ఎందుకు పెట్టారో నాకు ఇప్పటికీ అంతుపట్టదు.

ఈ మొత్తం సామగ్రిలో నా అభిప్రాయాన్ని తలకిందులు చేసిన వస్తువు పీక్ ఫ్లో మీటర్. చూడటానికి పిల్లల ఆట వస్తువులా ఉంటుంది: జానెడు ప్లాస్టిక్ గొట్టం, పక్కన అంకెల పట్టీ, దాని మీద జరిగే చిన్న ఎర్ర ములుకు. బ్యాటరీ లేదు, తెర లేదు, దీపం అసలే లేదు. ములుకును సున్నా దగ్గరికి జరిపి, లేచి నిలబడి, నిండుగా ఊపిరి పీల్చి, పెదవులతో గొట్టం మూతిని బిగించి, ఒక్క ఊపున బలంగా ఊదాలి. ఎంతసేపు ఊదారన్నది కాదు, తొలి క్షణంలో ఎంత వేగంగా ఊదారన్నది లెక్క. నిమిషానికి ఇన్ని లీటర్లు అని ములుకు ఆగిన చోట చదువుకోవాలి. మూడుసార్లు ఊది, అన్నిటికంటే పెద్ద అంకెను రాసుకోవాలి. మొదటి రోజు నేను బుగ్గలు పూరించి, బూర ఊదినట్లు ఊది, వచ్చిన అంకె చూసి బెదిరిపోయాను. నాలుక గొట్టానికి అడ్డం రాకుండా ఊదడం నేర్చుకోవడానికి మూడు రోజులు పట్టింది. ఆ తర్వాత అది చెప్పిన మాటకు తిరుగులేదు.

రెండు వారాల పాటు పొద్దున, సాయంత్రం రాసుకున్న అంకెలు ఒక కాగితం మీద చుక్కలు పెట్టి కలిపితే రంపపు పళ్లలా వచ్చాయి. సాయంత్రాలు 470, 480. పొద్దున్నే 370, 360. ఉబ్బసం లేనివారిలోనూ ఈ తేడా కొద్దిగా ఉంటుంది, ఎందుకంటే శ్వాసనాళాలు తెల్లవారుజామున సహజంగానే కాస్త ఇరుకవుతాయి. కానీ పెద్దవారిలో రోజువారీ హెచ్చుతగ్గులు సగటున 10 శాతం దాటితే ఉబ్బసాన్ని అనుమానించాలని వైద్య మార్గదర్శకాలు చెబుతాయి. నావి అంతకు రెట్టింపు దాటాయి. పైగా యంత్రం నడిచిన రాత్రులకూ, అదే గదిలో యంత్రం ఆపి గడిపిన రాత్రులకూ తేడా కనిపించకపోగా, ప్రయాణంలో వేరే చోట పడుకున్న మూడు రాత్రుల మర్నాడు అంకెలు కాస్త మెరుగ్గా ఉన్నాయి. నా గదిలో ఏదో ఉంది. ఆ ఏదో ఈ యంత్రానికి చిక్కడం లేదు. ఆ కాగితం పట్టుకుని అలర్జీ క్లినిక్‌కు వెళ్లాను.

క్లినిక్ సేవ గురించి చెప్పవలసినది మంచే ఎక్కువ. అపాయింట్‌మెంట్ ఇచ్చినప్పుడే, తుమ్ములకు వాడే యాంటీహిస్టమిన్ మాత్రలను వారం ముందు ఆపాలనీ, ఇన్‌హేలర్‌ను మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ ఆపవద్దనీ స్పష్టంగా చెప్పారు. ఈ ఒక్క మాట చెప్పకపోవడం వల్ల పరీక్ష వృథా అయినవారి గురించి విన్నాను కనుక దాన్ని ప్రత్యేకంగా రాస్తున్నాను. ఆ మాత్రలు ఒంట్లో ఉంటే చర్మం స్పందించదు. మోచేతి కింద చర్మం మీద పెన్నుతో వరుసగా అంకెలు వేసి, ఒక్కో అంకె పక్కన ఒక్కో చుక్క ద్రవం పెట్టి, ఆ చుక్క మీదుగా చిన్న ములుకుతో గీరీ గీరనట్లు గుచ్చారు. రక్తం రాదు, నొప్పి అనదగినదీ లేదు. ఒక చుక్క ఉత్త ఉప్పునీరు, అది పొంగకూడదు. ఒకటి హిస్టమిన్, అంటే అలర్జీ రేగినప్పుడు ఒంట్లో విడుదలయ్యే రసాయనం, అది తప్పకుండా పొంగాలి. ఈ రెండూ సరిగా ఉంటేనే మిగిలినవాటిని నమ్మాలి. నాలుగైదు నిమిషాల్లోనే మూడో అంకె దగ్గర దురద మొదలైంది. “గోకకండి, ఇంకో పది నిమిషాలు ఓపిక పట్టండి” అంటూ నర్సు నా రెండో చేతిని పక్కకు జరిపారు. పావుగంటకు స్కేలుతో కొలిస్తే హిస్టమిన్ 5 మిల్లీమీటర్లు, గడ్డి పుప్పొడి 4, పిల్లి సున్నా, ఇంటి దుమ్ము పురుగు 8. ఉప్పునీటి చుక్క కంటే 3 మిల్లీమీటర్లు ఎక్కువ పొంగితే దాన్ని పాజిటివ్‌గా లెక్కిస్తారు. అయితే చర్మం పొంగినంత మాత్రాన ఆ వస్తువే జబ్బుకు కారణమని తీర్మానించకూడదని డాక్టర్ గట్టిగా చెప్పారు. చాలామందికి చర్మం పొంగుతుంది, బాధ మాత్రం ఉండదు. చర్మం చెప్పినదీ, రోగి అనుభవించేదీ, ఊదుడు గొట్టం అంకెలూ ఒకదానితో ఒకటి సరిపోవాలి. నా విషయంలో సరిపోయాయి.

ఆ రోజు డాక్టర్ ఒక తెల్ల కాగితం మీద గొట్టం బొమ్మ గీసి వివరించిన విషయం నాకు ఏ పెట్టె మీదా, ఏ ప్రకటనలోనూ కనిపించలేదు. అలర్జీ ఉన్నవారి శరీరం ఒక నిరపాయమైన ప్రొటీన్‌ను శత్రువుగా పొరబడుతుంది. మొదట పొరబడిన రోజున పైకి ఏమీ తెలియదు. ఆ ప్రొటీన్‌ను గుర్తుపట్టే ఐజీఈ అనే యాంటీబాడీలు తయారై, ముక్కులోనూ శ్వాసనాళాల గోడల్లోనూ ఉండే మాస్ట్ కణాలనే రోగనిరోధక కణాలకు అతుక్కుని ఉండిపోతాయి. అలర్జీ అనే మాటను వియన్నా వైద్యుడు క్లెమెన్స్ ఫాన్ పిర్కే 1906లోనే పుట్టించినా, ఈ ఐజీఈ మాత్రం 1966, 1967 సంవత్సరాల దాకా దొరకలేదు. అమెరికాలో ఇషిజాకా దంపతులు, స్వీడన్‌లో యోహాన్సన్, బెన్నిచ్ దాన్ని విడివిడిగా గుర్తించారు. తర్వాత ఎప్పుడో అదే ప్రొటీన్ మళ్లీ శ్వాసలో చేరి, పక్కపక్కనున్న రెండు ఐజీఈలను ఒకేసారి పట్టుకుందంటే, మాస్ట్ కణం తనలో దాచుకున్న హిస్టమిన్‌ను ఒక్కసారిగా గుమ్మరిస్తుంది, వెనువెంటనే ల్యూకోట్రయీన్లు, ప్రోస్టాగ్లాండిన్లు అనే వాపు రేపే రసాయనాలను తయారు చేసి వదులుతుంది. ఇది ముక్కులో జరిగితే తుమ్ములు, నీరు కారడం. శ్వాసనాళంలో జరిగితే గొట్టం చుట్టూ ఉన్న కండరం బిగుసుకుంటుంది, లోపలి పొర వాస్తుంది, చిక్కని కఫం ఊరుతుంది. మూడూ కలిసి దారిని ఇరుకు చేస్తాయి, ఆ ఇరుకులోంచి గాలి వెళ్లేటప్పుడు వినిపించేదే పిల్లికూత.

ఇంతవరకు నాకు కొద్దోగొప్పో తెలుసు. తెలియనిది దీని రెండో అంకం. మొదటి దెబ్బ పావుగంట, అరగంటలో ముదిరి, గంట రెండు గంటల్లో సద్దుమణుగుతుంది. ఎలర్జీ పోయింది కదా అని మనిషి నిశ్చింతగా ఉంటాడు. కానీ నాలుగైదు గంటలు గడిచాక, ఈలోగా కబురందుకున్న ఈసినోఫిల్ కణాలు, మరికొన్ని రోగనిరోధక కణాలు అక్కడికి చేరుకుని వాపును మళ్లీ రేపుతాయి. ఈ రెండో దెబ్బ అందరికీ రాదు, వచ్చినవారిలో మాత్రం నెమ్మదిగా మొదలై ఎక్కువసేపు ఉంటుంది. రాత్రి పదిన్నరకు దిండు మీద తల పెట్టుకునే నేను మూడున్నరకు లేచి కూర్చోవడంలో దీని వాటా కొంత, తెల్లవారుజామున సహజంగా జరిగే ఇరుకు వాటా కొంత ఉండవచ్చునని ఆమె అన్నారు. ఇంకా ముఖ్యమైన మాట మరొకటి అన్నారు. రోజూ ఇలా కొద్దికొద్దిగా వాస్తూ ఉండే శ్వాసనాళం చిటికెకు ఉలికిపడే స్థితికి చేరుతుంది. అప్పుడు చల్లగాలి, అగరు పొగ, జలుబు, చివరికి పగలబడి నవ్వడం కూడా ఆయాసం తెప్పిస్తాయి. వాటిలో ఒక్కటీ అలర్జీ కాదు. అందుకే చాలామంది తమ ఉబ్బసానికి చల్లగాలి కారణమని నమ్ముతారు, అంతకు ముందు నెలలుగా గొట్టాన్ని అలా తయారుచేసి పెట్టిన అసలు అలర్జీని గుర్తించరు. నేనూ గుర్తించలేదు. ఉబ్బసాలన్నీ అలర్జీతో వచ్చేవి కావని, కొందరిలో పరీక్షలన్నీ నెగటివ్‌గానే ఉంటాయని కూడా ఇక్కడే చెప్పాలి. అలాంటివారికి ఈ సమీక్షలోని తొడుగులతో పనిలేదు.

ఇప్పుడు యంత్రం దగ్గరికి మళ్లీ వస్తాను. ఇంటి దుమ్ము పురుగు మిల్లీమీటరులో మూడో వంతు కూడా ఉండదు, కంటికి కనిపించదు, కుట్టదు. మన ఒంటి నుంచి రాలే చర్మపు పొట్టు తిని, గాలిలోని తేమను పీల్చుకుని, పరుపులో, దిండులో, మెత్తటి కుర్చీలలో బతుకుతుంది. మనకు బాధ కలిగించేది ప్రధానంగా దాని విసర్జన. ఆ గుళికల్లో డెర్ పి 1 అనే ప్రొటీన్ ఉంటుంది. అది అలర్జీ కలిగించడమే కాక, శ్వాసనాళపు లోపలి పొరలో కణాల మధ్య అతుకులను కోసే గుణం కూడా ఉన్న ఎంజైమ్. ఒక్కో గుళిక దాదాపు 20 మైక్రాన్లు. ఇదే కీలకం. అంత బరువైన రేణువు గాలిలో తేలుతూ ఉండదు. పక్క దులిపినప్పుడు లేచి, అరగంటలోపే మళ్లీ కిందికి దిగిపోతుంది. నేను పడుకున్నప్పుడు అది నా ముక్కుకు రెండు అంగుళాల దూరంలో, దిండులో ఉంది. గది మూలనున్న యంత్రం దాకా వెళ్లే అవకాశమే దానికి లేదు. పుండు ఒకచోట, మందు ఒకచోట అన్న సామెతకు ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు. ఆకుపచ్చ దీపం వెనుకనున్న సెన్సర్ సంగతీ అంతే. అది పొగలాంటి సన్నని రేణువులను వెలుతురుతో లెక్కించడానికి చేసినది. ప్రొటీన్ ఏదో, పిండి ఏదో దానికి తెలియదు. ఒకరోజు యంత్రం ముందే దిండును గట్టిగా దులిపి చూశాను. అంకె ఒక్కసారిగా ఎగిరి, దీపం ఎర్రబడి, మూడు నిమిషాల్లో మళ్లీ ఆకుపచ్చకు వచ్చింది. నా తుమ్ములు మాత్రం ఇరవై నిమిషాలు ఆగలేదు.

అలాగని ఎయిర్ ప్యూరిఫయర్ దండగ అనడం లేదు. పిల్లి అలర్జీ ఉన్నవారి కథ వేరు. పిల్లి లాలాజలంలో, చర్మ గ్రంథుల్లో పుట్టే ఫెల్ డి 1 అనే ప్రొటీన్ చాలా సన్నని పొట్టు మీద అంటుకుని గంటల తరబడి గాలిలో తేలుతుంది. పిల్లిని పంపించివేశాక కూడా నెలల పాటు ఇంట్లో ఉంటుంది. తేలే వస్తువును యంత్రం పట్టగలదు. పొగకూ, పూల కాలంలో కిటికీ గుండా వచ్చే పుప్పొడికీ కూడా అది పనికొస్తుంది, కిటికీ మూసి వాడితేనే. పుప్పొడి విషయంలో మరో చిక్కు ఉంది. నిండు పుప్పొడి రేణువు చాలా పెద్దది, సాధారణంగా ముక్కులోనే ఆగిపోతుంది, అందుకే అది తుమ్ములకే ఎక్కువ పేరుపొందింది. కానీ అదే రేణువు తేమకు పగిలితే లోపలి సన్నని ముక్కలు ఊపిరితిత్తుల లోతుకు దిగుతాయి. 2016 నవంబరు 21 సాయంత్రం ఆస్ట్రేలియాలోని మెల్బోర్న్‌లో జరిగింది ఇదే. రై గడ్డి పుప్పొడి నిండుగా ఉన్న రోజున ఉరుములతో కూడిన గాలివాన వచ్చి, కొన్ని గంటల్లోనే వేల మంది ఆయాసంతో ఆసుపత్రులకు చేరారు, పదిమంది మరణించారు. ఆసుపత్రులకు చేరినవారిలో చాలామందికి అంతకుముందు ఉబ్బసం ఉన్నట్లే తెలియదు, పుప్పొడి కాలంలో తుమ్ములు మాత్రం ఉండేవి. ముక్కుకూ ఊపిరితిత్తులకూ మధ్య గోడ లేదనడానికి ఇంతకంటే భయంకరమైన సాక్ష్యం అక్కర్లేదు.

పరుపు తొడుగుల విషయంలో నా అంచనా మిశ్రమం. ఇవి మామూలు గలీబులు కావు. నేత ఎంత దగ్గరగా ఉంటుందంటే నూలుపోగుల మధ్య రంధ్రాలు 10 మైక్రాన్లకు లోపే ఉంటాయి, కాబట్టి గుళికలు బయటికి రాలేవు, గాలి మాత్రం ఆడుతుంది. నేను మొదట కొన్నది నేత కాదు, లోపల ప్లాస్టిక్ పూత వేసినది. ఒత్తిగిలినప్పుడల్లా అట్టపెట్టె నలిపినట్లు చప్పుడు చేసింది, వీపంతా చెమట పట్టింది, రెండు వారాలకు మార్చేశాను. నేసిన రకం చప్పుడు చేయదు. కొనేటప్పుడు చూడవలసినది జిప్పు. పరుపును ఆరు వైపులా మూసేలా ఉండాలి, జిప్పు ముగిసే మూల దగ్గర వేలు దూరేంత ఖాళీ ఉంటే ఖర్చు పెట్టినదంతా ఆ మూలలోంచే కారిపోతుంది. నా తొడుగుకు సరిగ్గా అక్కడే సందు ఉంటే లోపలి నుంచి గుడ్డ టేపు అతికించుకున్నాను. తొడుగు మీద పరిచే దుప్పట్లను వారానికోసారి 60 డిగ్రీల వేడి నీటిలో ఉతకాలి. చల్లని నీళ్లలో ఉతికితే అలర్జీ ప్రొటీన్ చాలావరకు పోతుంది గానీ పురుగులు చావవు. గదిలో తేమ 50 శాతానికి లోపు ఉంటే అవి పెరగలేవు, తేమ ఎక్కువుండే చోట అది చెప్పినంత సులువు కాదు.

అయితే తొడుగులు అమ్మేవారు చెప్పని సంగతి ఒకటుంది. 2003లో వెలువడిన ఒక పెద్ద బ్రిటిష్ పరిశోధనలో ఉబ్బసం ఉన్న 1122 మంది పెద్దవారిలో కొందరికి ఈ తొడుగులు, కొందరికి చూడటానికి అలాగే ఉండే మామూలు తొడుగులు ఇచ్చి చూస్తే, ఊపిరి అంకెల్లో తేడా రాలేదు. మరోవైపు 2017లో వెలువడిన ఇంకో పరిశోధనలో, పురుగు అలర్జీ ఉండి అప్పటికే ఉబ్బసం ముదిరి ఆసుపత్రికి వచ్చిన 284 మంది పిల్లలను ఏడాది పాటు గమనిస్తే, అసలైన తొడుగులు వాడినవారిలో 29 శాతం, ఉత్తవి వాడినవారిలో 42 శాతం మళ్లీ అత్యవసరంగా ఆసుపత్రికి రావలసి వచ్చింది. ఈ రెండూ చదివాక నాకు కలిగిన అభిప్రాయం ఇది: పురుగు అలర్జీ పరీక్షలో తేలిన పిల్లలకు వెంటనే కొనవచ్చు, పెద్దవారు కొంటే కొనవచ్చు గానీ దాని మీద భారం వేయకూడదు.

నా మీటర్ ఏమంది? తొడుగులు వేసిన రెండు నెలల్లో పొద్దుటి అంకె 360 నుంచి 440కి చేరింది, పొద్దుటి తుమ్ములు మూడు నాలుగుకు తగ్గాయి. ఈ ఘనత తొడుగుకు కట్టబెడదామని చాలా అనిపించింది. కానీ అదే నెలలో మరో రెండు మార్పులు జరిగాయి. ముక్కుకు రోజూ స్ప్రే మొదలుపెట్టారు. ఇన్‌హేలర్ ఎలా వాడుతున్నానో చూపించమని డాక్టర్ అడిగి, నేను నొక్కాక పీలుస్తున్న తీరు చూసి, “మందంతా మీ నాలుక మీదే ఆగిపోతోందండీ, ఊపిరితిత్తులకు అందడం లేదు” అని, స్పేసర్ అనే గొట్టం తగిలించి నెమ్మదిగా పీల్చడం నేర్పించారు. నాలుగేళ్లుగా నేను ఆ మందును వృథా చేస్తున్నాను. అలర్జీ వల్ల రోజూ రేగే వాపును అణచేది పీల్చే స్టెరాయిడ్ కలిసిన నివారణ మందు. ఆయాసం వచ్చినప్పుడు గొట్టాన్ని విప్పే ఉపశమన మందు వాపును ముట్టుకోదు. ఉపశమన మందు ఒక్కదాని మీదే ఆధారపడటం పెద్దవారికి, కౌమారంలో ఉన్నవారికి తగదని అంతర్జాతీయ ఉబ్బసం మార్గదర్శకాలు 2019 నుంచి చెబుతున్నాయి. కాబట్టి నిజాయితీగా చెప్పాలంటే, నా మెరుగుదలలో సింహభాగం ఆ మందును సరిగా పీల్చడానిదే, తొడుగు వాటా ఎంతో విడదీసి చెప్పలేను. ఒకేసారి మూడు మార్పులు చేసినవాడు సమీక్షకుడిగా చేసిన పొరపాటు ఇది.

వస్తువుల గురించి రాస్తున్నప్పుడు ఒక హెచ్చరిక తప్పదు. 2019లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 4,55,000 మంది ఉబ్బసంతో మరణించారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. ఒక వాక్యం పూర్తిగా మాట్లాడలేకపోతున్నా, పెదవులు నీలిరంగుకు తిరుగుతున్నా, ఉపశమన మందు పీల్చినా ఫలితం లేకపోయినా, మీటర్ అంకె మీ ఉత్తమ అంకెలో సగానికి పడిపోయినా యంత్రాలను, తొడుగులను చూసుకుంటూ కూర్చోకూడదు, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

అయిదు మార్కులకు వేయమంటే పీక్ ఫ్లో మీటర్‌కు అయిదూ వేస్తాను, అది చౌకైన ప్లాస్టిక్ ముక్క అయినా సరే. క్లినిక్ చర్మ పరీక్షకు నాలుగున్నర. ఫలితాల కాగితం మీద కొలతలు రాసి ఇచ్చారు గానీ పక్కన ఒక్క వాక్యం వివరణ రాసి ఉంటే బాగుండేది. నేసిన తొడుగుకు మూడు, జిప్పు మూల సందు వల్ల. ఎయిర్ ప్యూరిఫయర్‌కు నా పడకగదిలో ఒకటిన్నర. అదే యంత్రానికి పిల్లి అలర్జీ ఉన్న నా మిత్రుడి ఇంట్లో మూడున్నర దాకా వేయవచ్చు; నెల రోజులు అక్కడ పెట్టి చూశాం, అతనికి కళ్ల దురద తగ్గింది, పిల్లి మాత్రం యంత్రం మీదే పడుకోవడం మొదలుపెట్టింది.

చర్మ పరీక్షలో గడ్డి పుప్పొడికి వచ్చిన 4 మిల్లీమీటర్లను దృష్టిలో పెట్టుకుని, యంత్రాన్ని ఇప్పుడు పడకగది నుంచి తీసి, రోజంతా పనిచేసుకునే గదిలో కిటికీ పక్కన పెట్టాను. ఈ పూల కాలమంతా మరే మార్పూ చేయకుండా, మీటర్ అంకెలు రాసుకుంటూ చూడాలని అనుకుంటున్నాను. ఈ ఉదయం 450 వచ్చింది. నిన్న కొత్త ఫిల్టర్ కూడా వచ్చింది. ఈసారి ముందు ప్లాస్టిక్ సంచి తీశాను.